టైపు మాస్టారి గదిలో నా కంప్యూటర్

నేను వణికిపోయేంతగా భయపడింది జీవితంలో ఒక్కసారే. అదీ పట్టపగలు, ఎండ మండిపోతున్న మార్చి నెలాఖరులో, విజయవాడ నడిబొడ్డున. ఆ భయంలో నేను చేసిన ఘనకార్యానికి నా పరువు నేరుగా వెళ్లి కృష్ణలో కలిసింది. ఎలా కలిసిందో చెబుతాను. ముందు కాస్త గుండె చిక్కబట్టుకోండి, నవ్వు సంగతి తర్వాత చూద్దాం.

అప్పటికి పెళ్లయి నాలుగు నెలలు. సత్యనారాయణపురంలో ఒక పాత మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాం. నేను ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. నా భార్య సునంద ఇళ్లకు ప్లాన్లు గీసేది. ఆమె లాప్‌టాప్ ఒక సోమవారం పొద్దున్నే కన్నుమూసింది. సరిగ్గా ఆ వారంలోనే కొండపల్లిలో ఇల్లు కట్టుకోబోతున్న ఒకాయన ఆమెను ప్లాన్లు అడిగాడు. శనివారం సాయంత్రానికల్లా ఇవ్వాలి, లేకపోతే వేరేవాళ్ల దగ్గరికి పోతానన్నాడు. సునందకు సొంతంగా వచ్చిన మొదటి పని అది.

"కంప్యూటర్ కొనేద్దామండీ. షాపువాళ్లే బిగించి ఇస్తారు" అంది సునంద.

"బిగించడానికి షాపువాళ్లెందుకు? నేను లేనూ?"

"మీకొచ్చా?"

చూశారా, ఆ మూడక్షరాలే నా కొంప ముంచాయి. కొత్తగా పెళ్లయినవాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా అది? రాదంటే ఏమవుతుంది, నాలుగు వీడియోలు చూస్తే వచ్చేస్తుంది. మూడు రోజులు వీడియోలు చూశాను. విడిభాగాలన్నీ తెచ్చి మంచం మీద పరిచి, పెళ్లిసారె చూసుకున్నట్టు మురిసిపోతూ చూసుకున్నాను. శుక్రవారం కాలేజీకి సెలవు పెట్టేశాను. సునంద స్థలం కొలతలకని పొద్దున్నే కొండపల్లి బస్సెక్కింది.

మా ముందుగది గురించి ఒక మాట చెప్పాలి. పొడుగాటి గది అది. ఎన్నిసార్లు సున్నం వేయించారో గానీ, ఒక గోడ మీద బల్ల ఎత్తున వరసగా నల్లటి మచ్చలు కనిపిస్తూనే ఉండేవి. కిటికీలు మూసి తీస్తే నూనె, సిరా కలిసినట్టు ఏదో వాసన. పాత ఇళ్లన్నాక వాసనలుంటాయిలే అనుకుని ఊరుకున్నాం.

ఆ గదిలోనే బిగింపు మొదలుపెట్టాను. మధ్యలో సునంద ఫోన్ చేస్తే, "చిన్న ఇబ్బంది, సర్దేస్తాను" అన్నాను. పూర్తిచేసేసరికి మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఎండకు వీధిలో పిట్ట కూడా అరవడం లేదు. మీట నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి, ఎర్రలైటు వెలిగింది. "భళా!" అనుకున్నాను. తెర మాత్రం నల్లగానే ఉంది. లోపల ఎక్కడో 'టక్' మంది. అన్నీ ఆగిపోయాయి.

మళ్లీ నొక్కుదామని చెయ్యి చాపాను. నా వేలు ఇంకా జానెడు దూరంలో ఉండగానే దానంతటదే మొదలైంది. ఫ్యాను తిరిగింది. టక్. ఆగింది. కాసేపటికి మళ్లీ తిరిగింది. టక్. ఆ నిశ్శబ్దంలో అది ఎలా ఉందంటే, నిద్రలో ఎవరో ఊపిరి పీలుస్తూ మధ్యలో బిగబట్టేస్తున్నట్టుంది. మళ్లీ పీలుస్తారా లేదా అని మనం కూడా ఊపిరి బిగబట్టి చూస్తాం కదా, అలా నిలబడిపోయాను.

తేరుకుని మెమరీ కార్డులు పీకి మళ్లీ గుచ్చాను. వైర్లన్నీ ఊడదీసి పెట్టాను. ఏం చేసినా అదే వరస. టక్... టక్... టక్.

ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. కింద వాటాలో ఉండే మా ఇంటి యజమానురాలు అనసూయమ్మగారు. డెబ్బై ఏళ్ల మనిషి. ఆవిడ గడప దగ్గరే ఆగిపోయారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మాస్టారూ, ఇంట్లోకి టైపు మిషనేమన్నా తెచ్చారా?" గొంతు తగ్గించి అడిగారు.

"లేదండీ. ఏం?"

"మరి ఆ చప్పుడేంటండీ? కిందికి వినపడుతోంది." గోడ మీది మచ్చల వైపు చెయ్యి చూపించారు. "ఇది మా బావగారి టైపు ఇన్‌స్టిట్యూట్ అండీ. ఆ గోడ వారగానే వరసగా మిషన్లుండేవి. పాఠం చెబుతూ చెబుతూ ఈ గదిలోనే పోయారు. మూడు గంటల బ్యాచీ."

గోడ గడియారం చూశాను. మూడు దాటి పది నిమిషాలు.

"పోయాక కూడా ఆరు నెలలు ఈ వేళకి వినపడేదండీ. తర్వాత ఆగిపోయింది. ఇదిగో, మళ్లీ ఇవాళ..."

టక్, అంది కంప్యూటర్.

నేను నవ్వాను. నవ్వాననే అనుకున్నాను, బయటికి మాత్రం దగ్గొచ్చింది. అయినా ఫిజిక్స్ లెక్చరర్‌ని కదా, మన శాస్త్రం పరువు నిలబెట్టాలి. "ఇందులో కరెంటు తప్ప ఇంకేమీ లేదండీ. చూడండి, మీ ముందే వైరు పీకేస్తున్నాను" అని గోడలోంచి వైరు లాగి, గెలిచినవాడిలా పైకెత్తి చూపించాను. "ఇప్పుడు మీట నొక్కితే ఏమైనా కదులుతుందేమో మీరే చూడండి!"

నొక్కాను.

ఫ్యాను గిర్రున తిరిగింది. ఎర్రలైటు వెలిగింది. అరక్షణం. ఆ తర్వాత రెండూ మెల్లగా చచ్చిపోయాయి.

వైరు నా చేతిలోనే ఉంది.

"బావగారూ!" అని అనసూయమ్మగారు చేతులు జోడించేశారు. తర్వాత నాకేసి తిరిగి గుసగుసగా, "ఆయనకి కోపమొచ్చిందండీ. కాళ్లకి ఆ చెప్పులేంటి? ఈ గదిలోకి చెప్పులతో వస్తే ఊరుకునేవారు కాదు" అన్నారు.

షాక్ కొట్టకుండా ఉంటుందని వేసుకున్న హవాయి చెప్పులవి. ఒక్క గెంతులో అవి వరండాలో ఉన్నాయి.

"ఇప్పుడేం చెయ్యమంటారండీ?"

"తప్పయిందని చెప్పుకోండి. మీరు హయ్యర్ పాసయ్యారా?"

"టైపులోనా? నేను లోయర్ కూడా రాయలేదండీ."

"అదీ సంగతి! అదికూడా చెప్పుకోండి."

మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను మాత్రం చేతులు జోడించి కంప్యూటర్ ఎదురుగా నిలబడ్డాను. "మాస్టారూ, మిమ్మల్ని అడక్కుండా మీ గదిలో మిషను పెట్టాను. తప్పే. టైపు నేర్చుకోలేదు. అదీ తప్పే. వేసవి సెలవుల్లో లోయర్‌కి కడతాను. మా ఆవిడ రేపు ప్లాన్లివ్వాలండీ. ఆమెకిది మొదటి పని. ఈ ఒక్కసారికి నన్ను చూసి కాకపోయినా ఆ పిల్లని చూసైనా..."

"ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?"

నేను పైకప్పు తగిలేంత ఎత్తున ఎగిరిపడ్డాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో సునంద. మధ్యాహ్నం ఫోన్లో "చిన్న ఇబ్బంది, సర్దేస్తాను" అన్న నా గొంతు విని, ఆమెకు పూర్తి నమ్మకం కుదిరిందట. కుదిరి, బస్సు దిగగానే షాపుకెళ్లి బాగుచేసే మనిషిని వెంటబెట్టుకొచ్చింది. ఆ వచ్చిన అమ్మాయి పేరు జ్యోతి. భుజాన సంచీ, చేతిలో స్క్రూడ్రైవరు, పెదాల మీద బిగబట్టిన నవ్వు.

జ్యోతి ఏమీ అడక్కుండా మదర్‌బోర్డు విప్పి పైకెత్తింది. దాని కిందినుంచి చిటికెన వేలి గోరంత ఇత్తడి బుడిపె ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది.

"బోర్డుకి కన్నం లేనిచోట ఇది బిగించారు సార్. బోర్డు వెనక తగిలి షార్టవుతోంది. కరెంటు రాగానే ఆపేసుకుని, మళ్లీ మొదలెడుతోంది. ఆ టక్ టక్ అందుకే."

మళ్లీ బిగించి, వైరు పెట్టి మీట నొక్కింది. తెర తెల్లగా వెలిగింది. సునంద గట్టిగా ఊపిరి వదిలింది.

"అయితే మా బావగారు కాదా అమ్మా?" అన్నారు అనసూయమ్మగారు. రావలసిన చుట్టం రైలు దిగనట్టు ఆవిడ ముఖం వాడిపోయింది. ఆవిడ భయపడ్డారని కదా ఇంతసేపూ నేననుకున్నాను! కానీ ఆవిడకు ఆ చప్పుడు కావాలి. పాపం, నాకే మనసు ఆగలేదు.

ఆవిడ కోసమూ, అడుగంటిన నా పరువు కోసమూ ఆఖరి బాణం వేశాను. "అది సరేనమ్మా. మరి వైరు పూర్తిగా పీకేశాక కూడా ఫ్యాను తిరిగిందే! దానికేమంటావు? ఇదిగో, ఈవిడే సాక్షి."

"అవునమ్మా, నా కళ్లారా చూశాను!" అన్నారు అనసూయమ్మగారు ఆశగా.

జ్యోతి నాకేసి వింతగా చూసింది. "పవర్ సప్లైలో కెపాసిటర్లు ఉంటాయి కదా సార్. వైరు పీకినా వాటిలో కాస్త చార్జ్ మిగిలి ఉంటుంది. మీట నొక్కితే అది ఖర్చైపోయేదాకా తిరుగుతుంది. ఇంటర్ రెండో సంవత్సరం పాఠమే సార్."

"ఓహో. అంత బాగా గుర్తుండేలా ఎవరు చెప్పారమ్మా నీకు?"

"మీరే సార్" అంది జ్యోతి. "నేను మూడో బెంచీ. మీరు గుర్తుపట్టలేదు."

సునంద గబగబా కిటికీ దగ్గరికెళ్లి వీధిలోకి చూడటం మొదలుపెట్టింది. ఆమె భుజాలు చాలాసేపు ఎగిరెగిరిపడ్డాయి. మర్నాడు సాయంత్రం ప్లాన్లు సమయానికే కొండపల్లి చేరాయి. వాటితోపాటు ఈ కథ కూడా చేరిందని తర్వాత తెలిసింది.

అప్పుడే నేను నిండు మనసుతో ఒట్టు పెట్టుకున్నాను. ఇక మీదట ఏ యంత్రం మొరాయించినా, దానికి చేతులు జోడించేముందు ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్ పుస్తకం ఒకసారి తిరగేస్తాను. తిరగేశాక కూడా జోడించక తప్పదనిపిస్తే, ముందు తలుపు గడియ పెట్టుకుంటాను.