సంబంధం వాళ్లనుకున్నాను

మా వీధి పిల్లల చదువులకు ప్రభుత్వం ఇచ్చే సాయమంతా నా చేతుల మీదుగానే వచ్చిందని చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి ఇద్దరి వెంట మా వార్డు సచివాలయానికి వెళ్లాను. అందులో ఒకడు తన పని తానే చేసుకున్నాడు, నేను ఫ్యాను కింద కూర్చున్నాను.

అలాంటి నాకు సొంత మనవరాలి పనే పడింది. పెందుర్తి అవతల ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది పిల్లకి. ఫీజు ప్రభుత్వం కట్టాలంటే మా ఆదాయం తక్కువేనని సర్టిఫికెట్ కావాలి. అది రాకపోతే సీటు వదిలేసి దగ్గర్లో మామూలు డిగ్రీలో చేరాలి, అంతకు మించి తన వల్ల కాదన్నాడు మా అబ్బాయి. వాడు పోర్టులో కాంట్రాక్టు కూలీ. ఓడ వస్తే పని, లేకపోతే లేదు. అయినా రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని వెళ్తాడు గనుక, ఓడలకు కొదవ లేదనుకునేవాణ్ణి.

ఒకరోజు నేను అరుగు మీద ఉండగా ఇస్త్రీ చొక్కా మనిషొకడు, ఒక పెద్దావిడ వచ్చారు. అమ్మాయి పేరు చెప్పి ఈ ఇల్లేనా అన్నారు. నాన్నేం చేస్తాడు, ఇల్లు సొంతమా, ఊళ్లో పొలం ఉందా అని వరసగా అడిగారు. మా వైపు ఈ ప్రశ్నలు ఈ వరసలో అడిగేది పెళ్లి సంబంధం వాళ్లే. పిల్లకు ఇప్పుడే పెళ్లి చెయ్యం. అయినా గుమ్మంలోకి వచ్చినవాళ్ల ముందు ఇంటి పరువు తగ్గించుకోవడం ఎందుకు?

"మా వోడు పోర్టులో ఆఫీసరండి. క్రేన్లన్నీ ఆడు సెప్తేనే కదుల్తాయి."

"పొలం?"

"కొబ్బరితోటండి." రెండు చెట్లు. అందులో ఒకటి మా తమ్ముడిది.

ఆయన రాసుకుంటున్నాడు. కట్నకానుకల లెక్కలు కాబోలనుకుని నేనూ అడిగాను, "మరి మీ అబ్బాయి ఏటి సేత్తన్నాడండి?"

"ఏ అబ్బాయి?"

"పెళ్లికొడుకండి."

పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మేం సచివాలయం నుంచి వచ్చాం తాతగారూ. ఆదాయం ఎంక్వైరీకి."

తలుపు వెనక నుంచి మనవరాలు అంది, "తాతా, నా సీటు తినీసావు."

అంతా అబద్ధమని మొత్తుకున్నాను. ఇందాకటిది అబద్ధమో ఇప్పుడు చెప్పేది అబద్ధమో తనకెలా తెలుస్తుంది, వీధిలో అడుగుతానన్నాడాయన. వీధి మొత్తానికి మావాడు ఆఫీసరని చెప్పింది నేనే.

మలుపులో టీకొట్టు నడిపే మా బావని అడిగాడు, వెనకే మేమూ వెళ్లాం. బావ నా మొహం చూశాడు. నా పరువు కాపాడాలనుకున్నాడు.

"ఆఫీసరండి. శానా పెద్ద ఆఫీసరు."

వెనక నిలబడ్డ పిల్ల కళ్లు తుడుచుకుంది. ప్రభుత్వం ముందు లేదని చెప్పాలి, సంబంధం వాళ్ల ముందు ఉందని చెప్పాలి. రెండిటికీ మధ్య బతికిన మాలాంటి ఇళ్లలో ఉన్నదున్నట్టు చెప్పడం ఎవరికీ అలవాటు కాలేదు.

"నా కోసం సూడకు బావా. నిజం సెప్పీ," అన్నాను.

"నిజమే సెప్పమంటావేటి?"

"సెప్పు."

బావ గరిటె పక్కన పెట్టాడు. "ఓడ లేని రోజు ఈ బల్ల మీదే కూకుంటాడండి. ఇంటికెళ్తే ముసలోడు బెంగెట్టుకుంటాడని సాయంత్రం దాకా కదలడు. క్యారేజీ ఇక్కడే తింటాడు. టీ అడగడు, నాను ఇత్తే తాగుతాడు."

నాకు ఆ సంగతి తెలియదు. చీకటి పడ్డాక ఆ బల్ల మీదే కూర్చుని వాడి క్రేన్ల గురించి ఎన్నిసార్లు చెప్పానో.

ఆయన ముందు రాసింది కొట్టేసి మళ్లీ రాసుకున్నాడు. సర్టిఫికెట్ వచ్చింది, సీటు నిలిచింది.

ఎంక్వైరీ రోజు సాయంత్రం మావాడు వచ్చి, ఏం జరిగిందని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పేశానన్నాను. ఆ మాటలోనూ కాస్త కోతే ఉంది. బల్ల సంగతి మాత్రం ఎత్తలేదు. క్యారేజీ వాడి చేతిలోంచి తీసుకుని నేనే కడిగాను.