‘లేరు’ అని వేయవలసిన చోటు

1978 వేసవిలో నన్ను కర్నూలు ప్రెస్సు నుంచి ఆదోని శాఖకు ఫోర్మన్‌గా పంపారు. ఫోర్మన్ అంటే పెద్ద హోదా అనుకునేరు. కంపోజిటర్లు పేర్చిన అక్షరాలను పేజీలుగా కట్టించడం, ప్రూఫు దిద్దడం, పేజీలు బిగించిన ఫారాన్ని మెషిన్ మీదికి ఎక్కించడం, పని ఆలస్యమైతే అందరి తరఫునా తిట్లు తినడం, ఇవన్నీ ఒకే మనిషి నెత్తిన పడితే అతన్ని ఫోర్మన్ అనేవారు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే చేత్తో ఏరి పేర్చే కాలం అది.

ఆ శాఖకు నన్నే ఎంచుకోవడానికి కారణం యజమాని దాచలేదు. మిగతావాళ్ళకు సంసారాలున్నాయి, నీకేం, ఒక్క ట్రంకుపెట్టె సర్దుకుంటే చాలు అన్నాడు. నిజమే. నా భార్య పెళ్ళైన రెండో ఏటనే టైఫాయిడ్ వచ్చి పోయింది. పిల్లలు లేరు. మళ్ళీ చేసుకోమన్నవాళ్ళు కొన్నాళ్ళు అని, విసుగొచ్చి మానేశారు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు గానీ బస్సులో కూర్చున్నంతసేపూ ఆ ట్రంకుపెట్టె మాట నన్ను గుచ్చుతూనే ఉంది.

పత్తి మార్కెట్టు వెనక ఒక గది దొరికింది. జిన్నింగు మిల్లులు ఆగిపోయిన కాలం కావడంతో ఆ మోత కూడా తోడు లేదు. పక్క వీధిలో కన్నడం మాట్లాడే ఒకాయన ఖానావళి నడిపేవాడు. రెండు పూటలా అక్కడే జొన్న రొట్టె, పప్పు, శేంగా అనే వేరుశెనగ పొడి. ఆయన వడ్డించేటప్పుడు ‘ఇంకో రొట్టె?’ అని అడగడం తప్ప మాట్లాడేవాడు కాదు. ప్రెస్సుకు ఆదివారం సెలవు. ఆ రోజు సాయంత్రం దాకా నా గొంతు నాకే వినబడేది కాదు. ఒంటరితనం అలవాటైపోతుందని చాలామంది చెబుతారు. నాకైతే కాలేదు.

వెళ్ళిన కొద్దిరోజులకే ఎమ్మిగనూరులోని ఒక చిన్న నేతగాళ్ళ సంఘం నుంచి పని వచ్చింది. సభ్యుల జాబితాను పుస్తకంగా అచ్చు వేయాలి. సంఘం కార్యదర్శి నాగప్ప చేతిరాత ప్రతి తెచ్చాడు. యాభై దాటిన మనిషి, ఖద్దరు చొక్కా, చెవి మీద పెన్సిలు. ఒక్కో సభ్యునికి ఆరు వరుసలు: పేరు, తండ్రి, భర్త లేదా భార్య, సంతానం, ఇంటి మగ్గాలు, వారసులు. ఆ చివరి వరుస ముఖ్యమైనదని నాగప్ప గట్టిగా చెప్పాడు. కాళ్ళు దించుకుని నేసే మగ్గం గుంతతో సహా కొందరు సభ్యులకు సంఘం ఇళ్ళు కేటాయించింది. సభ్యుడు పోతే, వారసుడుగా పేరున్నవాడికి ఆ ఇల్లు దక్కుతుంది. వారసుడు లేకపోతే సంఘం మరో నేతగాడికి ఇస్తుంది.

ఇలాంటి జాబితాలకు మాకొక పద్ధతి ఉండేది. ‘తండ్రి’, ‘సంతానం’ వంటి మాటలు ప్రతి సభ్యుని దగ్గరా తిరిగి తిరిగి వస్తాయి. వాటిని ప్రతిసారీ పేర్చకుండా, ఒక పేజీకి సరిపడా ముందే పేర్చి, అలాంటి చట్రాలు కొన్ని కట్టి ఉంచుతాం. ఆ మాటల ఎదుట ఖాళీ జాగాలో ఆ సభ్యుని వివరం మాత్రం పేర్చుకుంటూ పోతాం. పేజీ అచ్చయ్యాక వివరాలు తీసేస్తాం, చట్రం అలాగే ఉంటుంది. పని పరుగెత్తుతుంది. వివరం లేని చోట ఏం చేయాలన్నదే చిక్కు. ఏ వరుసా ఖాళీగా వదలొద్దు, లేకపోతే ‘లేరు’ అని వేయండి అని నాగప్ప చేతిరాత ప్రతి మొదట్లోనే రాసిచ్చాడు. మేం అలాగే చేశాం.

నేతగాళ్ళకు అమావాస్య సెలవు. ఆ రోజు మగ్గం ముట్టరు. సంఘం సమావేశాలన్నీ అందుకే అమావాస్యనాడు పెట్టుకుంటారు. చదువు రానివాళ్ళు ఎక్కువ కాబట్టి, అచ్చుకు ముందు జాబితా మొత్తాన్ని గట్టిగా చదివి వినిపించడం అక్కడి ఆచారం. తప్పు విన్నవాళ్ళు లేచి చెప్పాలి. దిద్దుబాట్లు రాసుకోవడానికి నేనూ ప్రూఫు కట్టతో వెళ్ళాను. నూలు గోదాములో చాపలు పరిచారు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. నాగప్ప నిలబడి చదవడం మొదలుపెట్టాడు.

చాలాసేపు అంతా సాఫీగా సాగింది. ఒకాయన తనకు మగ్గాలు రెండు కాదు మూడన్నాడు. మరొకాయన కొత్తగా పుట్టిన పిల్లను చేర్పించాడు, అందరూ నవ్వారు. తర్వాత నాగప్ప ఈరమ్మ పేరు చదివాడు.

‘‘ఈరమ్మ. తండ్రి, రామన్న. భర్త, లేరు. సంతానం, లేరు. ఇంటి మగ్గాలు, ఒకటి. వారసులు, లేరు.’’

ఆయన గొంతులో ఎకసెక్కం ఏమీ లేదు. అందరివీ ఎలా చదివాడో ఇదీ అలాగే చదివాడు. కానీ మగవాళ్ళ పక్క నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక వరుసలో ఒకామె లేచి నిలబడింది. నలభై అయిదు ఉండవచ్చు. సన్నగా, పొడుగ్గా ఉంది. తల్లి చిన్నప్పుడే పోతే ఇంటి భారమంతా మీద వేసుకుని, తండ్రిని, తమ్ముణ్ణి చూసుకుంటూ పెళ్ళి మాటే లేకుండా మిగిలిపోయిందని, తండ్రి మగ్గం మీదే నేస్తోందని తర్వాత తెలిసింది.

‘‘ఏం నాగప్పన్నా, ఉండేది సెప్తే సాలదా? నాకు లేనివన్నీ వరసబెట్టి ఇంతమందిలో సదవల్నా?’’ అంది.

నాగప్ప కంగారుపడి, అందరికీ ఒకటే పద్ధతి కదమ్మా అన్నాడు. ‘‘అట్లయితే నా పేరే కొట్టెయ్. ఈ పొద్దు సదివినారు. రేపు అచ్చేసి ఇంటింటికీ పంచుతారు. దానికంటే నా పేరు లేకపోయేదే మేలు’’ అని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. పేరు జాబితాలో లేకపోతే సంఘం నూలు రాదు, ఇల్లు నిలవదు. నాగప్ప వెనకనుంచే ఆ సంగతి కేకేసి చెప్పాడు. ఆమె తిరిగి చూడలేదు.

నేను పెన్సిలు పట్టుకుని అలాగే కూర్చున్నాను. నా గురించి ఎవరైనా అలా చదివితే ఎలా ఉంటుందో మనసులో ఒకసారి చదువుకున్నాను. భార్య, లేరు. సంతానం, లేరు. మగ్గం కూడా లేదు. ఆ గోదాములో అంతమంది మధ్య నాకు ఏడుపొచ్చినంత పనైంది. చెమట తుడుచుకుంటున్నట్టు కండువా మొహానికి అద్దుకున్నాను.

సమావేశం అయ్యాక నాగప్పతో మాట్లాడాను. వివరం లేని వరుసను అసలు వేయకుండా వదిలేయొచ్చని, ఆమె ఒక్కరికే కాకుండా అందరికీ అదే నియమం పెడితే ఎవరూ వేలెత్తి చూపరని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. మొండితనంతో కాదు, ఆయన భయం ఆయనకుంది.

‘‘వరస లేకపోతే అడగనే లేదంటారప్పా. ఇంతకుముందు జాబితాలో ఒకాయన కాడ ఖాళీ వదిలినారు. ఆయన పోయినాంక, రాయడం మరిసినారని ఒకరు, కావాలనే తీసేసినారని ఒకరు. సంఘాన్ని రచ్చకీడ్చినారు. నా తల తినేసినారు’’ అన్నాడు. చివరికి, ఈరమ్మ తనంతట తాను సరేనని వేలిముద్ర వేస్తే చూద్దామన్నాడు. పై అమావాస్యలోగా పుస్తకం పంచాలి. అప్పటికి ఆమె సరేననకపోతే పేరు పోయినట్టే.

ఆదోనికి వచ్చి తేలికైన మార్గం తొక్కాను. చట్రంలోంచి ‘భర్త’, ‘సంతానం’ లాంటి ఖాళీ వరుసలు ఊడదీసి, ఆ చోట్లలో క్వాడ్లు పెట్టించాను. క్వాడ్లంటే అక్షరం లేని సీసపు ముక్కలు, సిరా అంటదు కాబట్టి కాగితం మీద తెల్లగా ఉంటాయి. ప్రూఫు తీసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను.

ఈరమ్మ గుంతలో కాళ్ళు పెట్టుకుని చీర నేస్తోంది. చెప్పిందంతా విని, కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. చదువు రాదు గానీ కళ్ళున్నాయి.

‘‘ఇదేందప్పా, నడాన పండ్లు ఊడినట్ల ఉండాది? ఈడ ఏందో ఉంటే పీకేసినారని సూసినోళ్ళకు తెలిసిపోదా?’’

నాకు నవ్వొచ్చింది, ఆమెకూ వచ్చింది. అంతకుముందు లేరని రాసింది కనబడేది. ఇప్పుడు లేదన్న సంగతే అంత పొడుగున తెల్లగా కనబడుతోంది. వరుస తీసేసినప్పుడు దాని చోటు కూడా తీసేయాలి. అలా తీస్తే కింది వరుసలు పైకి జరుగుతాయి, సభ్యులందరివీ ఒకే ఎత్తు ఉండవు, చట్రం పద్ధతి పనికిరాదు, పేజీలన్నీ మళ్ళీ కట్టుకోవాలి. నీళ్ళు తాగి పొమ్మంటే చెంబెడు తాగి వచ్చాను. అలా ఒకరి ఇంట్లో కూర్చుని నీళ్ళు తాగి ఎన్నాళ్ళైందో అని తిరుగు బస్సులో అనిపించింది.

కంపోజిటర్లు గొణిగారు. సగానికి పైగా కట్టిన పేజీలు విప్పాం. చట్రం పక్కన పెట్టి, ఒక్కో వరుసనూ విడిగా పేర్చాం. వివరం ఉంటే దాని పేరుతో సహా వరుస పెట్టడం, లేకపోతే వరుస పేరు, దాని ఎదుటి చుక్కలు, కింద ఎడం కోసం పెట్టే సన్నటి రేకు, మూడూ కలిపి తీసేయడం. ఆ రేకు తీయడం మరిచిపోతే మళ్ళీ సందు కనబడుతుంది. ఒకరి వివరాలు ఎక్కడ ముగిశాయో తెలియడానికి మధ్యలో ఇత్తడి గీత పెట్టాం. కొందరివి ఆరు వరుసలు, కొందరివి నాలుగు. ఈరమ్మవి మూడు. పేజీ చూస్తే ఎవరికి ఏం తక్కువో వెతికితే తప్ప తెలియదు. యజమాని నుంచి ఆలస్యం గురించి కార్డు వచ్చింది. పై అమావాస్యకు అందుతుందని జవాబు రాశాను.

కొత్త ప్రూఫుతో మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఆమె కాగితం చూడకుండా చదవమంది. ‘‘ఈరమ్మ. తండ్రి, రామన్న. ఇంటి మగ్గాలు, ఒకటి’’ అని చదివి ఆపాను.

‘‘అంతేనా?’’

అంతేనన్నాను.

‘‘వారసుల మాట యాడ పోయింది?’’

లేనివన్నీ తీసేశామని, అందరికీ ఇదే పద్ధతని, ఆమె కోరిందీ అదే కదా అని నచ్చజెప్పబోయాను. ఆమె పోగుల మధ్య అటూ ఇటూ నడిపే నాడెను పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

‘‘మొగుడు లేడు, పిల్లల్లేరు అనేది నా ఇంటి మాటప్పా. అది ఊరికి యాల? వారసులు లేరనేది ఊరి మాట. అది రాయల్ల. మా తమ్మునికి ఇద్దరు కొడుకులు, ఆదోనిలో ఉండారు. తమ్ముడు పోయినాంక ఒక్క పొద్దన్నా ఈ గడప తొక్కలేదు. నాకు జొరమొచ్చి పడుంటే ఎదురింటోళ్ళు గంజి పోసినారు. మీరు ఆ వరస రాయకపోతే, రేపు నేను పోయినాంక, రాయడం మరిసినారు, మేమే వారసులమని వస్తారు. మగ్గం పీకి ఇల్లు అమ్ముకుంటారు. ఈ గుంతలో నేసేవాళ్ళు కూసోవల్ల. నాకు ఎవురూ లేరని పెద్ద అచ్చరాల్లో వెయ్యి.’’

చెప్పడం అయ్యాక నాడె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. నేను ప్రూఫు మీద ఆమె పేరు కింద ‘వారసులు, లేరు’ అని పెన్సిలుతో రాసుకున్నాను.

నాగప్పకు చెబితే, ఆయన కోరిందీ అదే కాబట్టి అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. భర్త లేదా భార్య, సంతానం అన్న వరుసలు ఉంటేనే వేయాలి. వారసుల వరుస మాత్రం ఉన్నా లేకపోయినా వేయాలి. లేకపోతే ‘లేరు’ అని స్పష్టంగా ఉండాలి. అక్షరాలు పెద్దవి చేయడం కుదరదని చెబితే ఈరమ్మ సరేనంది. వేలిముద్ర వేసింది. అమావాస్యనాడు పుస్తకం పంచారు. ఆమె పేరు అందులో ఉంది.

ఎనభైల నడుమ ఒకసారి నాగప్ప ఆదోనిలో కనబడి, ఈరమ్మ పోయిందని చెప్పాడు. ఇద్దరు మేనల్లుళ్ళూ కర్మ కాకముందే సంఘం గుమ్మం ముందు నిలబడ్డారట. ఆయన పుస్తకం తెరిచి ఆ వరుస చూపించాడట. ఇప్పుడు ఆ గుంతలో ఒక కొత్త జంట నేస్తున్నారన్నాడు. ఆ కబురు పంచుకోవడానికి నాకు ఎవరూ లేకపోయారు. ఆ రాత్రి ఖానావళి ఆయనతో చెప్పాను. ఆయన ఆమె ఎవరని అడగలేదు. ఇంకో రొట్టె వేశాడు.

ఆ తర్వాత పెళ్ళిపిలుపుల నుంచి ఓటర్ల జాబితాల దాకా నా చేతి మీద చాలా అచ్చయ్యాయి. ఏ జాబితా వచ్చినా ఒక్కో వరుసకూ రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఇది లేకపోతే కనబడకుండా పోవాలా, లేదని కనబడాలా? ఆ సంగతి తేల్చవలసింది ఎవరు? మొదటిదానికి జవాబు చేతిరాత ప్రతి తెచ్చినవాడు చెప్పగలడు. రెండోదానికి మాత్రం ఆ వరుస ఎవరిదో వాళ్ళ దగ్గరికే పోవాలి. తర్వాత వచ్చిన కంపోజిటర్లకు కూడా నేను నేర్పింది ఇదే.

నేను పని మానుకున్న రోజున ఆఫీసు గుమాస్తా నా ప్రావిడెంటు ఫండు కాగితాలు నింపుతూ, వారసుల దగ్గరికి వచ్చేసరికి నా మొహం చూసి, మర్యాదకు ఆ జాగా వదిలేసి కింది వరుసకు పోయాడు. వెనక్కి వెళ్ళి ‘లేరు’ అని రాయమన్నాను.