అత్తయ్య కోసం కారు దించాం

మా ఆయన ఏ వస్తువైనా ముందు కొనేసి తరవాత కొలుస్తారు. బీరువా అలాగే కొన్నారు. అది గుమ్మంలో పట్టక నెల రోజులు వరండాలో ఉండిపోయింది. కారూ అంతే. బేగంపేటలో ఎవరో ఆఫీసరు ఊరు మారుతూ అమ్ముతున్నాడని విని, పొద్దున వెళ్ళి సాయంత్రానికల్లా మౌలాలిలో మా ఇంటి ముందు నిలబెట్టారు. విదేశీ బండి, జీపు కన్నా ఎత్తు. "అమ్మ కోసమే" అన్నారు గొప్పగా.

ఆ అమ్మ మా అత్తయ్య. నాలుగడుగుల పది అంగుళాల మనిషి. గుంటూరు నుంచి వచ్చి సికింద్రాబాదులో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. మా చర్చిలో సగం మంది ఆవిడ చేత బెంచీ ఎక్కినవాళ్ళే. మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఆటో కుదుపులు వద్దన్నాడు. దాంతో నాలుగు నెలలుగా ఆవిడకి చర్చి లేదు. ఆదివారం వస్తే చర్చికి వెళ్ళే చీరే కట్టుకుని, పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ముందు గదిలో కూర్చునేవారు. పలకరిస్తే కసిరేవారు. చూడలేక నేను వంటింట్లో దూరేదాన్ని.

తీరా కారొస్తే అత్తయ్య ఎక్కలేకపోయారు. వంగని మోకాలు, అంత ఎత్తు గుమ్మం. మా ఆయన పీట తెచ్చి వేశారు.

"బెంచీ ఎక్కించే శిక్ష నేను పిల్లలకి వేసేదాన్నిరా. ఇప్పుడు నువ్వు నాకు వేస్తావా?" అన్నారు అత్తయ్య.

"నేను పట్టుకుంటానమ్మా."

"చర్చి ముందు నన్ను ఒకళ్ళు పట్టుకుని దింపడం, నా పిల్లలంతా చూడ్డం! నా కాళ్ళ మీద నేను దిగితే వస్తాను. లేకపోతే రాను."

ఆ మాటకి తిరుగు లేదు. ఇంక దించాల్సింది కారునే.

కాప్రాలో షెడ్డు పెట్టుకున్న మెకానిక్ బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "గింత దానికి పరేషాన్ ఎందుకు సార్? స్ప్రింగులు జెర కోస్తే బండి కిందికి కూసుంటది. ముందు కోస్తా, వెనక సుత కోస్తా" అన్నాడు. రెండు రోజుల్లో బండి బెత్తెడు పైగా దిగింది. శనివారం సాయంత్రం అత్తయ్య వెనక తలుపు పట్టుకుని, ఎవరి సాయం లేకుండా ఎక్కి కూర్చున్నారు. మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కారు. నాలుగు నెలల్లో ఆవిడ నవ్వడం అదే చూడ్డం. మా ఆయన మెకానిక్‌ని కౌగలించుకున్నంత పని చేశారు.

ఆదివారం బయల్దేరాం. వెనక అత్తయ్య, పక్కన నేను. నా బరువు సంగతి ఇక్కడ రాయను గానీ, కారుకి తెలిసింది. చర్చి ముందు ఆగాక అత్తయ్య తలుపు తీసి కాలు కిందికి చాపారు. నేల అందలేదు. ఇంకొంచెం జరిగి చాపారు. అయినా అందలేదు. నేను దిగి చూస్తే బండి ముందు భాగం కిందికి ఉంది, వెనక భాగం మాత్రం పాత ఎత్తుకి లేచిపోయి ఉంది. అచ్చం ముందు కాళ్ళతో మోకరించి ప్రార్థన చేస్తున్నట్టుంది.

ఎందుకలా అయిందో మర్నాడు తెలిసింది. ఆ కారు వెనక చక్రాల దగ్గర కుదుపులు ఆపే షాకుల్లో ఒక రకం పంపు ఉందట. బరువు పడి వెనక కుంగితే, దారిలో ఎగుడుదిగుళ్ళకి ఆ షాకులు కిందా మీదా ఆడి, వాటంతటవే కారుని మళ్ళీ మొదటి ఎత్తుకి లేపేస్తాయట. ఆ పనికి మౌలాలి రోడ్లని మించినవి లేవు. "ఏందీ సార్ ఇది! నేను కోస్తా ఉంటే అది లేస్తా ఉన్నది. గిసుంటి షాకు నేను చూడలె" అని మెకానిక్ నెత్తి పట్టుకున్నాడు. మామూలు షాకులు వేయాలంటే ఢిల్లీ నుంచి రావాలన్నాడు.

కానీ ఆదివారం నాడు ఇవేవీ మాకు తెలియవు. లోపల మొదటి పాట మొదలైంది. అత్తయ్య కాలు లోపలికి తీసుకుని తలుపు వేసేసుకున్నారు. "మీరు వెళ్ళండి. నాకు ఇక్కడికి వినపడుతుంది" అన్నారు. పెదాలు పాటతో కదులుతున్నాయి, కళ్ళు ఎటో చూస్తున్నాయి. నాకు మా ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. పాపం, ఆయన మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

అంతలో ఆలస్యంగా వచ్చిన సంఘపెద్ద ఒకాయన, మంచి భారీ మనిషి, ఏమైందని వెనక్కి వచ్చారు. స్ప్రింగుల్ని చూద్దామని మా ఆయన డిక్కీ తలుపు ఎత్తితే, ఆ పెద్దాయన ఆయాసం తీర్చుకోడానికి ఆ అంచు మీద కూలబడ్డారు. కారు వెనక రెండు వేళ్ళు దిగింది.

"లేవకండి!" అని అరిచారు మా ఆయన.

ఆయన బెదిరిపోయి అలాగే ఉండిపోయారు. మా ఆయన గేటు దగ్గరున్న ఇంకో ముగ్గుర్ని, ఒడ్డూ పొడుగూ చూసి మరీ పిలుచుకొచ్చారు. ముగ్గురు పట్టే చోట నలుగురు, ఇస్త్రీ బట్టల్లో, పాటల పుస్తకాలు చంకన పెట్టుకుని ఇరుక్కుని కూర్చున్నారు. నలుగురూ ఆవిడ శిష్యులే. బండి బెత్తెడు కుంగింది. నేను తలుపు తీసి, "అత్తయ్యా, ఇప్పుడు చూడండి" అన్నాను.

కాలు నేలకి ఆనింది. దిగి, చీర సర్దుకుని, వెనక్కి చూడకుండా మెట్లవైపు నడిచారు. "ఆ మెకానిక్ పనిమంతుడే. కాస్త ఆలస్యంగానైనా బండి దిగింది" అన్నారు. డిక్కీలో నలుగురూ ఊపిరి బిగబట్టి నవ్వు ఆపుకున్నారు.

ఇంక ప్రతి ఆదివారం ఇదే వరస. కారు ఆగగానే నలుగురూ చప్పుడు లేకుండా వచ్చి డిక్కీలో కూర్చునేవారు. పాస్టరు అయ్యగారు కూడా వాళ్ళు లోపలికి వచ్చేదాకా ఆగి మొదటి పాట ఎత్తుకునేవారు. గంటన్నర ఖాళీగా ఉంటే బండి తనే కిందికి జారేది కాబట్టి తిరిగి ఎక్కడానికి ఇబ్బంది లేదు. ఇంటి దగ్గర మాత్రం నన్ను అటు తిరగమని, సీటు పట్టుకుని వెనక్కి జారి దిగేవారు. అక్కడ చూసే శిష్యులు లేరు కదా. ఢిల్లీ షాకుల సంగతి అందరం మర్చిపోయాం. ఆవిడకి ఏమీ తెలియదని నేనూ మా ఆయనా తెగ మురిసిపోయాం.

వానాకాలంలో ఒక ఆదివారం బండి పూర్తిగా దిగలేదు. అత్తయ్య కాలు నేలకి రెండు వేళ్ళ పైన ఆగిపోయింది. మా ఆయన వెనక నుంచి నాకు సైగలు చేస్తున్నారు.

"ముగ్గురే ఉన్నారేం?" అన్నారు అత్తయ్య.

నేను మా ఆయన వైపు చూశాను.

"అమ్మాయ్, నిన్నే. ఆ పెద్దాయన ఏడీ?"

"జ్వరమట అత్తయ్యా."

ఆవిడ తల తిప్పి చూశారు. గేటు దగ్గర జనం ఉన్నారు, అందరూ చూస్తున్నారు. "అయితే నీ చెయ్యి ఇలా ఇయ్యి" అన్నారు.

ఇచ్చాను. ఆవిడ బరువంతా నా మీద వేసి దిగారు. అంత చిన్న మనిషి అని నాకు అప్పుడే తెలిసింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మెట్లవైపు వెళ్తారనుకుంటే, నన్ను లాక్కుంటూ కారు వెనక్కి వెళ్ళి, మోకాళ్ళ మీద పుస్తకాలు పెట్టుకుని ఇరుక్కున్న ముగ్గురి ముందు నిలబడ్డారు.

"ఇంక లేవండిరా. ఈ వాన గాలిలో ఎంతసేపు కూర్చుంటారు?" అన్నారు. "ఆరాధన అయ్యాక అందరం వాడిని చూసొద్దాం."

లోపలికి వెళ్ళి కూర్చునేదాకా నా చెయ్యి వదల్లేదు.