మూడు దినాల గీతలు

ఇయ్యాల నాకు ఒళ్లు మండిపోయింది.

మా షాప్ అరబ్బు సేటును అర్బాబ్ అంటం. ఆయన బిడ్డకు పద్నాలుగేండ్లు, ఎడమచేతి వాటం. రైఫిల్ పోటీలకు పోతది. కొత్త రైఫిల్ పిరమని ఆయన పాత ట్వంటీ టూ రైఫిల్ ఒకటి కొన్నడు. ఆమె చేతికి సరిపోయే చెక్క పిడి చేసే పని హమ్రియా ఏరియాల ఉన్న మా ఫర్నిచర్ షాప్‌ల నాకిచ్చిండు. చెమటకు చెయ్యి జారొద్దని, పట్టుకునే కాడ సన్న ఉలితోని మూడు దినాలు కూసొని గీతలు చెక్కిన.

పొద్దుగాల డ్యూటీకి పోయి చూస్తె గీతల్లేవు! పిడి సోఫా కాలు లెక్క మెరుస్తున్నది.

“ఏం జేసినవే యాదన్నా!” అని మా పాలిష్ యాదన్న మీదికి లేచిన.

“గరుకుగ ఉంటె సాండ్ పేపర్ పెట్టి పాలిష్ కొట్టిన తమ్మీ. మన షాప్‌ల కెల్లి గరుకు సామాను ఎన్నడన్న బయటికి పోయిందా?”

అర్బాబ్ వచ్చి పిడి నిమిరి, “జైన్, జైన్” అని అరబ్బీల మెచ్చుకొని యాదన్న భుజం తట్టిండు. నా దిక్కు చూడనన్న చూడలే. పిల్ల మాత్రం రైఫిల్ భుజానికెత్తి, దించి, చెమట చెయ్యి తుడుచుకొని “గీతలేవి?” అని నన్ను హిందీల అడిగింది.

ఎల్లుండే పోటీ. మళ్ల ఉలి పట్టిన. మీ పనిని గూడ ఎవలన్న ఇట్లనే బాగు జేసిండ్రా?