జొన్నరొట్టె పేజీ

మొన్న పళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని, బల్ల మీదున్న పత్రిక ఒకటి తెరిచాను. నిగనిగలాడే కాగితం మీది రంగుసిరా వాసన ముక్కుకు తగిలిందో లేదో, నారాయణఖేడ్ బస్టాండు ఎదుటి ఇంటర్నెట్ సెంటరూ, నేలంతా పత్రికలు పరిచి వాటి నడుమ బాసిపట్టు వేసుకుని కూర్చున్న శరణప్ప సారూ కళ్ల ముందుకొచ్చారు. పత్రిక మూసేశాను. ఇన్నేళ్లయినా ఆ మనిషి నన్ను ఒక్క పత్రికనూ సుఖంగా చదువుకోనివ్వడు.

ఆ సెంటరు ఆయనదే. ఇంట్లో కన్నడం, బయట తెలుగు, కోపమొస్తే ఉర్దూ. 2010లో డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న నన్ను టైపింగుకు పెట్టుకున్నాడు. ఒకరోజు హైదరాబాదు నుంచి పాత పత్రికల మూట మోసుకొచ్చి నేల మీద గుమ్మరించాడు. వంటలు, చీరలు, ఇంటి అలంకరణ, అందం, ఆరోగ్యం, అన్నీ ఉన్నాయి అందులో. "ఎస్తేర్, మనం గూడ గిట్లాంటిది పెడ్దాం. పుస్తకం గాదు, వెబ్‌సైట్. మన ఖేడ్ దిక్కు జనం ఏం తింటరు, ఏం కట్టుకుంటరు, ఇల్లెట్ల పెట్టుకుంటరు, అంత రాద్దాం. ముందుగాల వీళ్లెట్ల చేస్తుండ్రో చూడు" అన్నాడు.

ఖేడ్‌లో కరెంటు పోవడం మాకు వరమైంది. కంప్యూటర్లు ఆగిపోగానే తలుపు బార్లా తెరిచి, ఆ వెలుతురులో పత్రికలు ముందేసుకునేవాళ్లం. నేను చీరల రంగులు చూసి మురిసిపోతుంటే ఆయన వేలితో పేజీ మీద పొడిచేవాడు. "గీ వంటింట్ల ఎవ్వరన్న వండుతరా చెప్పు. గోడకు నూనె మరక లేదు, పొయ్యికి మసి లేదు. గిన్ని పుస్తకాలల్ల మనసొంటోళ్లు ఒక్కలన్న ఉన్నరా?" మనసొంటోళ్లు అన్నప్పుడు నాకు కడుపు నిండినట్టుండేది. నన్ను కలుపుకుని అలా అన్నవాళ్లు అంతకుముందు లేరు మరి.

మొదటి వ్యాసం జొన్నరొట్టె మీద రాయమన్నాడు. పోషకాలనీ పీచుపదార్థమనీ పత్రికల్లో చూసినట్టే రాసుకెళ్లాను. చదివి నా మీదికే విసిరాడు. "చదివితే ఆకలైతలేదు పిల్లా. గిది దవాఖానల చీటీ లెక్కుంది. మీ అమ్మ ఎట్ల చేస్తదో గట్ల రాయి." సాయంత్రం అమ్మ పక్కన కూర్చున్నాను. మసిలే నీళ్లు పిండిలో పోసి చేతులు కాలుతున్నా పిసకడం, రొట్టె తట్టే చప్పుడు, పెనం మీద వేశాక పైన తడిచేత్తో రాయడం, నిప్పుల మీద అది బుస్సున పొంగడం, చూసింది చూసినట్టు రాశాను. ఆయన రెండుసార్లు చదివాడు. "ఇగ గిదీ రాతంటే" అన్నాడు. ఆ క్షణాన బావిలో దూకమన్నా దూకేదాన్ని.

అమ్మకు చెప్పాను, కంప్యూటర్ల నీ ఫొటో వస్తది, కింద నీ పేరు ఉంటది, దునియా మొత్తం చూస్తదని. మా అమ్మ రూతమ్మ కందిచేలల్లో కూలికి పోయే మనిషి. "నా మొహానికి ఫొటో ఒకటి తక్కువైంది" అని నవ్వింది గానీ, పది నిమిషాల్లో వాడకట్టంతా చెప్పొచ్చింది.

ఫొటోకు సార్ ఇంటికి రమ్మన్నారు. ఇంటి వెనక, కొట్టం పక్కన మూడు రాళ్ల పొయ్యి పెట్టించారు. లోపల కొత్త వంటిల్లుంది, కానీ వెలుతురు బయటే బాగుంటుందన్నాడు సార్. నమ్మాను. ఆయన భార్య గిరిజక్క ఆకుపచ్చ గాజులు తెచ్చి అరుగు మీద పెట్టింది. "చేతులు బోసిగున్నయి రూతమ్మా, గివి ఏస్కో." నాయన చనిపోయినప్పటి నుంచి అమ్మ గాజులు ముట్టలేదు. నా వైపు చూసింది. ఆ వ్యాసం నాదని, నా కోసమని వేసుకుంది.

అయిపోయాక గాజులు తీసి ఇవ్వబోతే గిరిజక్క ఒక అడుగు వెనక్కి వేసింది. "ఉండనీ, మళ్ల నేనేం ఏస్కుంట? రొట్టెలు గూడ మూట కట్టుకపోండ్రి." ఎంత మంచి మనసో అనుకున్నాను నేను. దారిలో అమ్మ ఆ గాజుల్ని కంపలోకి విసిరేసింది. ఇదేందమ్మా అంటే, "వాళ్లు మల్ల ముట్టనివి మనకెందుకు బిడ్డా" అంది. సార్ అట్లాంటోడు గాదని నేనే గదమాయించాను.

పేజీ తెరుచుకున్న రోజు చూస్తే, పైన కొత్త వంటింట్లో నల్లరాతి గట్టు దగ్గర నవ్వుతూ గిరిజక్క. కింద పిండి తడుతున్న మా అమ్మ చేతులు, మణికట్టు దాకా. రాత నాదే, అక్షరం పొల్లుపోలేదు. "మా అమ్మ" అని నేను రాసినచోట కూడా అట్లాగే ఉంది. పేరు మాత్రం గిరిజక్కది.

"మా అమ్మ ఏది సార్?"

"చేతులున్నయి గదా."

"పేరు?"

ఆయన నన్ను చూడకుండా కీబోర్డు తుడిచాడు. "ఎస్తేరు, రూతమ్మ అని పెడితే మన వంట అనుకోరు పిల్లా. చూసెటోళ్లకు నచ్చాలె. పరేషాన్ గాకు, వచ్చే నెల జీతం పెంచుత."

"మనసొంటోళ్లు లేరని గా పుస్తకాలోళ్లను ఇన్ని దినాలు తిడ్తిరి గదా సార్!"

"గది వేరే" అన్నాడు.

ఆ రెండు మాటలకు ఒళ్లు మండిపోయింది. సెంటరు మెట్లు దిగొచ్చేశాను, మళ్లీ ఎక్కలేదు. ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. ఫొటో వచ్చిందా అని అడిగింది. మొహం రాలేదన్నాను.

"చేతులన్న వచ్చినయా?"

"వచ్చినయి."

"గాజులతోనేనా?"

అవునన్నాను. అమ్మ చేతులు రెండూ కొంగు కింద దాచుకుని లోపలికి పోయింది.

ఆ వెబ్‌సైట్ రెండేళ్లు కూడా నడవలేదని తర్వాత తెలిసింది. సంతోషించాను, దాచుకోవడమెందుకు. నేను హైదరాబాదు వచ్చి వంటల పేజీలు రాసి బతుకుతున్నాను, నా పేరుతోనే. ఆకలైతలేదని నన్ను నేనే తిట్టుకుని, కొట్టేసి, మళ్లీ రాస్తాను. బాగుందని నలుగురూ అంటారు. శరణప్ప సార్‌ను కడుపారా తిట్టుకుందామనే ఇది రాయడానికి కూర్చున్నాను. తీరా చూస్తే ఇందులోని ప్రతి వాక్యం ఆయన నేర్పినట్టే రాశాను. అదే నాకు మింగుడు పడదు.