చిన్నాయన కట్టిన ఈకల పురుగు

మా డ్రైవర్ చిన్నాయన పోయారని పోయిన వారం రాయచోటి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన ఇక్కడ కువైట్‌లో పని మానేసి ఇంటికి వెళ్ళి ఏడాది కూడా కాలేదు. ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడి ఏడ్చాను. కాసేపటికి ఆయన చేసిన ఘనకార్యాలన్నీ గుర్తొచ్చి, ముక్కు తుడుచుకుంటూనే నవ్వాను. ఏడుపు మొహం పెట్టుకుని తన గురించి చెబితే ఆయనకే నచ్చదు.

సొంత చిన్నాన్న కాదు. సబా అల్ సలేంలో నేను వంట చేసే ఇంట్లో ఆయన డ్రైవర్. మేం బాబా అని పిలిచే ఇంటి యజమానికి ట్రౌట్ చేపలు పట్టే పిచ్చి. ఆ చేపకు చల్లటి కొండ ఏరు కావాలి, కువైట్‌లో అదెక్కడ? అందుకని ఏటా ఎండాకాలం బోస్నియా వెళ్ళేవారు, సామాన్లు మోయడానికి చిన్నాయనను వెంట తీసుకెళ్ళేవారు. బాబా గాలానికి వానపామును గుచ్చరు. ఏటి పురుగులా కనిపించేలా ఈకలూ దారమూ చుట్టిన గాలాన్ని నీటి మీదికి విసురుతారు. చేప అది పురుగనుకుని నోరు తెరవాలి. మూటలు మోయడానికి వెళ్ళిన మనిషికి ఆ పిచ్చి అంటుకుంది.

బాబా వాడేవన్నీ కొట్లో కొన్నవే. తాను కట్టిన పురుగును ఒక్క చేపైనా తినాలని చిన్నాయన కోరిక.

మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక వంటింటి బల్ల ఆయనది. డాబా మీది పావురాల ఈకలు, మేం మామా అని పిలిచే ఇంటావిడ పిల్లి తోక బొచ్చు, నా చీర అంచులోంచి లాగిన జరీ పోగులు పరిచేవారు. తోక పలచబడిందని మామా పిల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, కారు నడిపింది చిన్నాయనే!

జరీ అంటే ప్రాణం ఆయనకు.

"ఏం చిన్నాయనా, పురుగుకు పెండ్లా?" అనేదాన్ని.

"అన్నిటి మాదిరే ఉంటే చేప దీన్నే ఎందుకు తింటాదమ్మే?"

చేపలు మాత్రం ఏటిలో తిరిగే మట్టిరంగు పురుగులను తింటూ, ఈయన పెళ్ళికూతుళ్ళ వంక కన్నెత్తి చూడలేదు.

ఏట్లో రాళ్ళు తిప్పి చూసిన పురుగుల ముచ్చట్లు ఎన్నో చెప్పేవారు. ఒక పురుగు రెక్కలొచ్చాక ఏమీ తినదట, ఓ పూట ఎగిరి రాలిపోతుందట. ఇంకొకటి ఇసుక రేణువులతో గూడు కట్టుకుని, దాన్ని ఈడ్చుకుంటూ తిరుగుతుందట.

"అది మనకంటే తెలివైంది. మనం ఈ ఇసకలో ఉండి రాయచోటిలో ఇల్లు కడితిమి. అదేమో కట్టిన ఇంట్లోనే ఉంటాది" అన్నారు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. అది చూసి, టీ పెట్టవా పెట్టవా అని గొడవ మొదలుపెట్టారు.

ఆఖరి సంవత్సరం చేతులు వణికేవి. ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి, ఇఖామా, ఇంక రెన్యువల్ చేయించొద్దని బాబాకు చెప్పేశారు. ముడి జారి, విసరగానే ఈకలు ఊడిపోతున్నాయి. "ఖలాస్ మ్మే, ఇంగ మనకు చేతగాదు" అని ఈకలన్నీ సంచిలో కుక్కుతుంటే నాకు కోపమొచ్చింది. సంచి లాక్కున్నాను. దారాన్ని వేలికి మెలేసి, ఈక మొదట్లోకి దించి, గట్టిగా లాగాను.

"ఇది మల్లెపూలు కట్టే ముడి గదమ్మే!"

"నేను కట్టిన పూలు ఎప్పుడన్నా ఊడినాయా?"

ఆయన మట్టిరంగు ఈక పట్టుకున్నారు, నేను ముడులు వేశాను. జరీ వద్దన్నాను. ఒక్క పోగన్నా పెట్టమని బతిమాలారు. పెట్టాను.

ఆ ఎండాకాలం బోస్నియా నుంచి వీడియో కాల్ వచ్చింది. బాబా గాలం కర్రను ఆయన చేతికిచ్చి, తాను ఫోన్ పట్టుకున్నారు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, ఏట్లో నిలబడి, "తినిందమ్మే! మన పురుగును తినింది!" అని చిన్నాయన ఒకటే అరుపు. చేతుల్లో చుక్కల చేప గిలగిల్లాడుతోంది.

పట్టిన చేపను వదిలేయడం బాబా అలవాటు. "యల్లా" అని ఆయన తొందరపెట్టారు. చిన్నాయన గాలం తీసి దాన్ని నీళ్ళలోకి దించారు. అది కాసేపు ఆయన కాళ్ళ దగ్గరే ఆగి, చటుక్కున లోతుకు వెళ్ళిపోయింది. ఆయన తడి చెయ్యి నుదుటికెత్తి దానికి సలాం చేశారు. చేప కనిపించకుండా పోయాక కూడా ఆ చెయ్యి దించలేదు.