రెండు గంటల నడక

నాలుగో అంతస్తులో ఉండే డ్రైవరు అబద్ధాలాడే మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పేయాలి. లేకపోతే జరిగింది విన్నాక ఆయన్ని తిట్టడానికే టైము సరిపోతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు. ఒకసారి బండి వెనక్కి తీస్తూ డిపో గోడకి గీటు పెట్టాడు. చూసిన నరమానవుడు లేడు. అయినా తనే వెళ్ళి, "అది నా పనేనండీ" అని కాగితం రాసిచ్చి వచ్చాడు. ఆయన భార్య పిల్లల వార్డులో నర్సు. ఆ ముచ్చట అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూనే ఉంటుంది. "మా ఆయన మాటన్నారంటే అన్నారంతే" అంటుంది. చిక్కంతా ఆ నమ్మకంతోనే వచ్చింది.

రిటైరైన మూడో నెలలో ఆయన ఒక కుక్కపిల్లని చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. డిపో వాచ్‌మన్ ఇచ్చాడట. పిల్లేమో ఇంతే ఉంది, పంజాలేమో అప్పటికే పెద్ద కుక్కవి. ఆవిడ ముందు ఆ పంజాలనే చూసింది.

"రెండు గదుల కొంపలో దీన్నెక్కడ పెడతారండీ? ఇంకో ఆరు నెలలకి దూడంత అవుతుంది."

"అవనీ. పొద్దున గంట, సాయంత్రం గంట నేను తిప్పుతాగా. నాకేం పనుంది ఇప్పుడు?"

"మాటేనా?"

"మాటే."

ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కుక్కకి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టాడు డ్రైవరు. గుమ్మం దగ్గర బయల్దేరిందంటే బాల్కనీ దాకా ఎక్కడా ఆగదు మరి.

మొదటి ఆరేడు నెలలు మాట నిలబెట్టుకున్నాడు, కాదనలేం. పార్కు చుట్టూ నాలుగు రౌండ్లు, ఆ తర్వాత రైల్వే గేటు దాకా వెళ్ళి రావడం. ఎక్స్‌ప్రెస్ ఈడ్చుకుపోతుంటే వెనకాల ఈయన పరుగు. ఇంటికొచ్చాక అది గిన్నెడు నీళ్ళు గటగటా తాగి చాప మీద వాలిందంటే మళ్ళీ సాయంత్రం దాకా కదిలేది కాదు. ఆ తర్వాత మోకాళ్ళు మొరాయించాయి. జీవితమంతా సీట్లో కూర్చుని గడిపినవాడికి నడక అంటే మాటలా! నొప్పని భార్యతో ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ రోజంతా నిలబడి, వాచిన పాదాలతో ఇంటికొచ్చే మనిషికి తన మోకాళ్ళ గోల ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు? నామోషీ అనిపించి నోరు మూసుకున్నాడు.

నొప్పి ఒక్కటే అయితే పోనీలే పాపం అనుకోవచ్చు. అసలు సంగతి క్యారమ్స్. పార్కుకి వెళ్ళే దారిలో టైర్ల షాపు వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. పాతికేళ్ళు ఈయనతో ఒకే బస్సులో తిరిగిన కండక్టరు, మరో ఇద్దరు రిటైరైనవాళ్ళు అక్కడ బోర్డు ముందేసుకుని కూర్చుంటారు. ఒకరోజు మోకాలు పట్టేసి ఐదు నిమిషాలు ఆగుదామని అటు వెళ్ళాడు. "రా గురూ! స్టీరింగ్ వదిలేశాక మనిషివే నల్లపూసైపోయావు!" అంటూ కండక్టరు పక్కకి జరిగి చోటిచ్చాడు. రిటైరైన దగ్గర్నుంచి తనకోసం ఒకరు జరిగి చోటివ్వడం అదే మొదలు. కుక్కని బయట ఇనప స్తంభానికి కట్టేసి కూర్చున్నాడు. ఐదు నిమిషాలు కాస్తా గంటయింది. మర్నాడూ గంటే. నెల తిరిగేసరికి పార్కు సంగతి పూర్తిగా అటకెక్కింది.

మొదట్లో ఎక్స్‌ప్రెస్ ఊరుకోలేదు. గొలుసు తెంపుకునేంత పని చేసింది, అరిచింది, షెడ్డులోకి తలపెట్టి చూసింది. "వాడికీ ఒక స్ట్రైకర్ ఇద్దామా?" అని కండక్టరు అందర్నీ నవ్వించాడు. కొన్నాళ్ళకి అది లాగడం మానేసి, నేలకి గడ్డం ఆనించి ఈయన చెప్పుల వైపే చూస్తూ పడుకునేది. చూసినప్పుడల్లా డ్రైవరుకి మనసు చివుక్కుమనేది. ఈ ఒక్క బోర్డు అయ్యాక లేస్తాననుకునేవాడు. లేచింది ఎన్నడు! సాయంత్రం ఇంటికొచ్చాక "ఎలా తిరిగాడు మనవాడు?" అని భార్య అడిగేది. "బ్రహ్మాండంగా" అనేవాడు. అలసిపోయుంటారని ఆవిడ టీ పెట్టిచ్చేది. ఆ టీ తనకి దక్కాల్సింది కాదని తెలుసు. అయినా రోజూ తాగాడు.

బయట తీరని పరుగుని కుక్క ఇంట్లో తీర్చుకోవడం మొదలెట్టింది. వంటింట్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి వంటింటికి, టైల్స్ మీద జర్రున జారి గోడకి గుద్దుకుని మళ్ళీ పరుగు. సోఫా చెయ్యి కొరికి దూది పీకింది. ఆవిడ తెల్ల డ్యూటీ షూ ఒకటి నమిలి ఊసింది. తలుపు కింది చెక్క గీకి గీకి పొట్టు రాల్చింది. కింది ఫ్లాటులో ఉండే టీచరమ్మ పైకొచ్చి, "ఏమండీ, గుర్రప్పందేలేమైనా పెడుతున్నారా? మా ఫ్యాను ఊగిపోతోంది" అని నిలదీసింది. ఆ వారమే అపార్ట్‌మెంట్ సెక్రటరీ నోటీసిచ్చాడు. నెల రోజుల్లో కుక్క అదుపులోకి రాకపోతే దాన్ని ఈ బిల్డింగ్‌లో ఉంచడానికి వీల్లేదు.

నోటీసు చదివి ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "కన్నబిడ్డలా పెరిగింది. ఇప్పుడెవరి గుమ్మంలో వదిలేస్తామండీ?" అంది. సెలవు పెట్టి మరీ కుక్కని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. డ్రైవరూ వెంట వెళ్ళాడు.

డాక్టరమ్మ చెవులు చూసింది, పళ్ళు చూసింది, గుండె చప్పుడు వింది. "ఆరోగ్యం బానే ఉంది. ఇంత పెద్ద జాతికి రోజూ బాగా తిరుగుడుండాలి. ఎంతసేపు తిప్పుతున్నారు?" అని అడిగింది.

డ్రైవరు నోరు తెరిచాడు. ఈలోపే భార్య అందుకుంది. "రెండు గంటలండీ. వానైనా ఎండైనా ఒక్కరోజు కూడా మానరు ఈయన."

ఆ మాటలో ఎంత గర్వమో! డాక్టరమ్మ ఈయన వంక చూసింది. ఈయన తలూపాడు. నోరు కూడా కదపలేదు, మహానుభావుడు. ఉత్త తల ఊపి ఊరుకున్నాడు.

"రెండు గంటలు తిరిగీ ఇలా చేస్తుందంటే తిరుగుడు చాలక కాదన్నమాట. లోపల ఏదో ఆందోళన ఉంది" అని డాక్టరమ్మ మాత్రలు రాసింది. రోజూ పొద్దున సగం మాత్ర.

ఆవిడ ఏడింటికల్లా డ్యూటీకి వెళ్ళిపోతుంది కాబట్టి మాత్ర వేసే పని డ్రైవరుకి పడింది. బ్రెడ్డు ముక్కలో పెట్టి ఇచ్చాడు. నాలుగు రోజులు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. టీచరమ్మ మెట్ల దగ్గర కనిపించి థాంక్స్ కూడా చెప్పింది. కుక్క మాత్రం కుక్కలా లేదు. చొంగ కార్చుకుంటూ మూల కూర్చునేది. పిలిస్తే లేచేది, లేచాక ఎందుకు లేచిందో మర్చిపోయినట్టు నిలబడేది. ఒకసారి నడుస్తూ నడుస్తూ వెళ్ళి గోడకి తల ఆనించి అలాగే ఉండిపోయింది. డ్రైవరే వెళ్ళి దాన్ని ఇవతలికి తిప్పాడు. జబ్బు తనది, మందు దానికి. ఐదో రోజు మాత్రని సింకులో వేసి నీళ్ళు వదిలాడు.

మంచి పనే చేశాడనుకుందాం. మరి మాత్ర మాన్పించినవాడు నడక మొదలెట్టొద్దూ? మొదలెట్టాడు, ఒక్కరోజు. పార్కు గేటు దాకా వెళ్ళాక మోకాలు కలుక్కుమంది. వెనక్కి తిరిగాడు. దారిలో షెడ్డు, షెడ్డులో కండక్టరు. ఇంకేం చెప్పాలి! రోజుకి సగం మాత్ర సింకులోకి పోయింది, రోజుకి రెండు గంటలు క్యారమ్స్‌కి పోయాయి, కుక్క మళ్ళీ ఇల్లు పీకి పందిరేసింది.

నోటీసు గడువుకి పది రోజులు మిగిలాయి. ఆవిడ బెంబేలెత్తిపోయి డాక్టరమ్మకి ఫోన్ చేసింది. "రోజూ వేస్తున్నామండీ, ఏం గుణం లేదు" అంది. సగానికి అలవాటు పడిపోయుంటుంది, ఒకటిన్నర వేసి చూడమంది డాక్టరమ్మ. ఆవిడ ఫోన్ పెట్టేసి మొగుడితో, "మీది మెత్తటి మనసు. అది ఊసేస్తున్నా మీరు గమనించి ఉండరు. రేపట్నుంచి నేనే వేసి వెళ్తాలెండి" అంది.

మర్నాడు పొద్దున ఆవిడ యూనిఫామ్ వేసుకుని, మాత్రలు నలిపి, బ్రెడ్డుకి రాసి కింద కూర్చుంది. "రా నాన్నా" అని పిలిచింది. ఎక్స్‌ప్రెస్ తోకూపుకుంటూ వచ్చింది. డ్రైవరు అక్కడే, గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ కుక్క ఒంట్లో పన్నెండు రోజులుగా మందన్నదే లేదని తెలిసిన మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే. ఆగు అనొచ్చు. ఒక్క మాట. ఆ ఒక్క మాటంటే వెనకున్న అబద్ధాలన్నీ బయటికొస్తాయి. ఏమీ కాదులే అనుకున్నాడు. ఆవిడ అరచేతిలో ముక్క ఖాళీ అయింది. అది ఆవిడ వేళ్ళు కూడా నాకింది.

ఎనిమిదిన్నరకి కుక్క కాళ్ళు మడతపడ్డాయి. తొమ్మిదికి పడుకున్నచోటే ఉచ్చ పోసుకుంది. పిలిస్తే కనురెప్ప కదల్లేదు. డ్రైవరుకి పై ప్రాణాలు పైనే పోయాయి. నలభై కిలోల కుక్కని దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని లిఫ్టులో దిగి, టాక్సీలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పుడు ఏ మోకాళ్ళూ నొప్పెట్టలేదు. దారిలో భార్యకి ఫోన్ చేస్తే, ఆవిడ డ్యూటీ వదిలేసి ఆ యూనిఫామ్‌తోనే పరిగెత్తుకొచ్చింది.

బల్ల మీద కుక్క, ముందు కాలికి సెలైన్. డాక్టరమ్మ చేతులు ఆగకుండా పనిచేస్తున్నాయి. "ఇలా అవకూడదే! సగం మాత్ర ఎన్నాళ్ళు వేశారు? సరిగ్గా చెప్పండి, దాన్నిబట్టే ఇంజక్షన్ ఇవ్వాలి" అంది.

"పదహారు రోజులండీ. ఒక్కరోజు తప్పలేదు. ఈయనే స్వయంగా వేశారు" అంది భార్య.

డాక్టరమ్మ సిరంజిలోకి మందు తీసుకుంటోంది.

"కాదు" అన్నాడు డ్రైవరు. మళ్ళీ అన్నాడు. "కాదండీ. నాలుగు రోజులే. తర్వాత వేయలేదు. సింకులో పారేశాను."

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. "మరి రెండు గంటల నడక?"

"అదీ లేదు. ఏడాదిగా లేదు. స్తంభానికి కట్టేసి క్యారమ్స్ ఆడుకున్నాను."

డాక్టరమ్మ సిరంజి పక్కన పెట్టి ఇంకో మందు అందుకుంది, ఇద్దర్నీ బయట కూర్చోమంది.

బయట బెంచీ మీద ఆవిడ చాలాసేపు తన కుడిచేతినే చూసుకుంటూ కూర్చుంది. డ్రైవరు తిట్లకోసం ఎదురుచూశాడు. తిడితే కాస్త తేలికపడేవాడేమో.

"చిన్నపిల్లలకి మందులేసే చెయ్యండీ ఇది" అంది చివరికి. "పాతికేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు మోతాదు వేయలేదు. మీ అబద్ధం మీ దగ్గరే ఉంచుకోవాల్సింది. నా చేత తినిపించారు. అక్కడే నిలబడి చూశారు కదండీ!"

క్షమించమందామనుకున్నాడు డ్రైవరు. అంత చిన్న మాట ఇంత పనికి ఎలా సరిపోతుంది?

ఎక్స్‌ప్రెస్ బతికింది. రెండు రోజులు డాక్టరమ్మ దగ్గరే ఉండి, మూడో రోజు తన కాళ్ళ మీద తను నడిచి ఇంటికొచ్చింది. భార్య సెక్రటరీ ఇంటికి వెళ్ళి మరో నెల గడువు అడిగి తెచ్చుకుంది. నాలుగైదు రోజులు కుక్కకి విశ్రాంతినిచ్చి, ఆ తర్వాత ఒక పొద్దున ఐదింటికి లేచింది. డ్రైవరు అప్పటికే గొలుసు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "ఇటివ్వండి" అని ఆవిడ గొలుసు లాక్కుంది.

అప్పట్నుంచి డ్యూటీకి ముందు గంట, డ్యూటీ నుంచి వచ్చాక గంట ఆవిడే తిప్పింది. వాచిన పాదాల మీదే పార్కు చుట్టూ నాలుగు రౌండ్లు. రమ్మనీ అనలేదు, రావద్దనీ అనలేదు. డ్రైవరు మోకాళ్ళకి పట్టీలు చుట్టుకుని పది అడుగుల వెనక నడిచాడు. ఆవిడ ఒక్కసారీ తిరిగి చూడలేదు. ఇంట్లో పరుగులు తగ్గాయి, ఫ్యాను ఊగడం లేదని టీచరమ్మ సెక్రటరీతో చెప్పింది. కుక్క ఇంట్లోనే ఉండొచ్చన్నారు. ఆ కబురు ఆవిడే చెప్పింది ఆయనకి, గోడ వైపు చూస్తూ.

పదకొండో రోజు సాయంత్రం, మూడో రౌండులో ఆయన మోకాలు పట్టేసింది. పార్కు కంచె పట్టుకుని నిలబడిపోయాడు. వాళ్ళిద్దరూ వెళ్ళిపోతారనుకున్నాడు. ముందు వెళ్తున్న ఎక్స్‌ప్రెస్ ఠక్కున ఆగింది. ఆవిడ లాగింది, రాలేదు. "పద" అని గదమాయించింది, అడుగు వేయలేదు. వెనక్కి తిరిగి, దారి మధ్యలో చతికిలబడి, తోకతో నేలంతా ఊడుస్తూ ఆయన వైపే చూస్తూ కూర్చుంది.

డ్రైవరు కుంటుకుంటూ వాళ్ళ దగ్గరికొచ్చేదాకా అది లేవలేదు. వచ్చాక, తల ఎత్తి ఆయన చేతి కింద పెట్టింది. ఆవిడ ఇన్నాళ్ళకి మొదటిసారి ఆయన ముఖంలోకి సూటిగా చూసింది.

"మీకోసమే ఆగింది" అంది. "దానికేం తెలుసు పాపం, మీరేం చేశారో."

డ్రైవరు దాని తల నిమరబోయి, నిమరలేక, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.